గీసిన అణువు, చూసిన అణువు

మందు పేరు తెలిస్తే చాలు, అందులోని అణువు ఎలా ఉంటుందో ఇవాళ డిగ్రీ చదివే పిల్లవాడు ఫోన్‌లోనే చూసుకోగలడు. రూపాయి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇరవై అయిదేళ్ల కిందట ఇదే పనికి పెద్ద పరిశోధనశాల లైబ్రరీకి వెళ్లి కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు, బైల్‌స్టైన్ సంపుటాలు తిరగేయాల్సి వచ్చేది. ఆ సంపుటాలు కొనే స్తోమత మన విశ్వవిద్యాలయాల్లో బహు కొద్దింటికే ఉండేది. కాబట్టి ఉచిత డేటాబేస్‌లు తెచ్చిన మార్పు చాలా పెద్దది, దాన్ని తక్కువ చేయడానికి లేదు. అయితే తెర మీద బొమ్మ కనిపించగానే మనం అడగడం మానేసిన ప్రశ్న ఒకటుంది. ఈ బొమ్మను ఎవరైనా గీసి ఇచ్చారా, లేక ఎవరైనా కొలిచి చూశారా? ఏ డేటాబేస్‌ను దేనికి వాడాలో, ఎంతవరకు నమ్మాలో ఈ ఒక్క ప్రశ్న తేల్చేస్తుంది. ఈ సమీక్షకు అదే కొలబద్ద.

ముందు ఈ తలుపులు ఎలా తెరుచుకున్నాయో చూద్దాం. అమెరికన్ కెమికల్ సొసైటీ 1907లో కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ మొదలుపెట్టింది. 1965 నుంచి ప్రతి పదార్థానికీ ఒక రిజిస్ట్రీ నంబర్ ఇస్తోంది. ఆస్పిరిన్‌కు 50-78-2, కెఫీన్‌కు 58-08-2. రసాయనాల డబ్బాల మీద, రవాణా పత్రాల మీద కనిపించే సీఏఎస్ నంబర్ ఇదే. చివరి అంకె తనిఖీ కోసం పెట్టింది. ఆస్పిరిన్ నంబర్‌లో ఆ అంకెను వదిలేసి, మిగిలిన వాటిని కుడి నుంచి ఎడమకు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగుతో హెచ్చించి కూడితే 42 వస్తుంది. అందులో ఒకట్ల స్థానంలోని 2 తనిఖీ అంకెతో సరిపోతుంది. నంబర్ రాసుకోవడంలో తప్పు దొర్లితే అక్కడికక్కడే పట్టుకోవచ్చు. నిపుణులు చదివి, సరిచూసి చేర్చే ఈ రిజిస్ట్రీలో ఇప్పుడు 20 కోట్లకు పైగా పదార్థాలున్నాయి. కానీ పూర్తిగా వాడుకోవాలంటే భారీ చందా కట్టాలి.

2004లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల కింద పనిచేసే ఎన్‌సీబీఐ పబ్‌కెమ్ అనే ఉచిత డేటాబేస్‌ను ప్రారంభించింది. ఏడాది తిరక్కుండానే గొడవ మొదలైంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఉచిత సేవ తమ రిజిస్ట్రీకి పోటీ అవుతుందని, దాన్ని ప్రభుత్వ పరిశోధన ఫలితాలకే పరిమితం చేయాలని 2005లో అమెరికన్ కెమికల్ సొసైటీ పట్టుబట్టింది. రిజిస్ట్రీ కార్యాలయం ఉన్న ఒహాయో రాష్ట్ర రాజకీయ నాయకులు కూడా రంగంలోకి దిగారు. వ్యవహారం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. చివరికి పబ్‌కెమ్ నిలిచింది, పెరిగింది. ఆ రోజు అది ఆగిపోయి ఉంటే ఇవాళ వరంగల్‌లోనో కాకినాడలోనో కూర్చుని అణువులు వెతికే విద్యార్థికి దారి ఉండేది కాదు. చాలా ఏళ్ల తర్వాత, 2021లో, ఆ రిజిస్ట్రీని నడిపే సీఏఎస్ దాదాపు 5 లక్షల పదార్థాలతో కామన్ కెమిస్ట్రీ అనే ఉచిత సేవను విస్తరించింది. నంబర్ సరిచూసుకోవడానికి దాన్ని మించింది లేదు.

పబ్‌కెమ్ లోపలి అమరిక తెలియకుండా దాన్ని వాడేవాళ్లే ఎక్కువ. అందులో మూడు అరలున్నాయి. వెయ్యికి పైగా సంస్థలు, కంపెనీలు, పరిశోధనశాలలు పంపిన రికార్డులు ఒక అరలో ఉంటాయి. అవి 30 కోట్లు దాటాయి. వాటిని కంప్యూటర్ ఒక పద్ధతికి తెచ్చి, ఒకే నిర్మాణం ఉన్నవాటిని కలిపి తయారుచేసిన సమ్మేళనాలు రెండో అరలో ఉంటాయి. అవి 11 కోట్లకు పైమాటే. ఏ సమ్మేళనం ఏ ప్రొటీన్ మీద, ఏ కణం మీద ఎంత పనిచేసిందో చెప్పే జీవపరీక్షల ఫలితాలు మూడో అరలో ఉంటాయి. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఒకే సర్వే నంబర్ మీద పది దస్తావేజులు ఉండొచ్చు. ఆఫీసు వాటిని నమోదు చేస్తుందే తప్ప అమ్మినవాడికి నిజంగా హక్కుందో లేదో తేల్చదు. పబ్‌కెమ్ కూడా అంతే. ఎవరేం పంపారో దాస్తుంది, ఎవరు పంపారో చెబుతుంది. పేజీలో ప్రతి వాక్యం పక్కనా మూలం పేరు ఉండేది అందుకే. దాన్ని చూడకుండా అంకె మాత్రం తీసుకుపోవడం చాలామందికి అలవాటు.

ఇక వెతకడం గురించి. పేరుతో వెతకడం అన్నిటికంటే బలహీనమైన పద్ధతి. ఒకే రసాయనానికి వ్యాపార నామాలు, శాస్త్రీయ నామాలు, పాత పేర్లు కలిసి వందల్లో ఉంటాయి. అందుకే నిర్మాణాన్నే అక్షరాల వరుసగా మార్చే పద్ధతులు పుట్టాయి. 1980లలో డేవిడ్ వైనింగర్ రూపొందించిన స్మైల్స్ రాతలో ఇథైల్ ఆల్కహాల్ అంటే ఇంగ్లిష్ అక్షరాలు సి, సి, ఓ, అంతే. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. హైడ్రోజన్లను కంప్యూటరే లెక్కవేసుకుంటుంది. అయితే ఒకే అణువును స్మైల్స్‌లో నాలుగైదు రకాలుగా రాయొచ్చు. ఆ చిక్కు తీర్చడానికి అంతర్జాతీయ రసాయన సంఘం ఐయూపీఏసీ 2005లో ఇంచీ అనే ప్రమాణాన్ని, 2007లో దాని కుదింపు రూపమైన ఇంచీ కీని తెచ్చింది. కీలో గీతలతో కలిపి 27 గుర్తులుంటాయి. మొదటి 14 అక్షరాలు అణువు అస్థిపంజరాన్ని, అంటే ఏ పరమాణువు దేనికి అతుక్కుందన్న సంగతిని చెబుతాయి. తర్వాతి భాగం కుడి, ఎడమ అమరికల వంటి వివరాలకు. పనికొచ్చే చిట్కా ఒకటి చెబుతాను. మీ అణువు కీలో మొదటి 14 అక్షరాలు మాత్రమే ఇచ్చి వెతకండి. ఒకే అస్థిపంజరంతో, వేరు వేరు త్రిమితీయ అమరికలతో ఉన్న రికార్డులన్నీ బయటపడతాయి. ఏ డేటాబేస్ ఎక్కడ తడబడిందో అక్కడే తెలిసిపోతుంది.

వీటన్నిటికంటే గొప్ప సదుపాయం బొమ్మ గీసి వెతకడం. దీన్ని ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. 1942లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి పి. సూర్యప్రకాశరావు, టి.ఆర్. శేషాద్రి ఒక పత్రం ప్రచురించారు. గోంగూర జాతి మొక్క హైబిస్కస్ సబ్దరిఫా పువ్వుల నుంచి హైబిసిట్రిన్ అనే పసుపు రంగు పదార్థాన్ని వేరుచేసి, అందులో చక్కెరతో జతకట్టి ఉన్న హైబిసెటిన్ నిర్మాణాన్ని తేల్చిన పత్రం అది. ఎన్‌ఎంఆర్ యంత్రమే లేని కాలం. అణువును రసాయనాలతో విరిచి, ముక్కలను గుర్తుపట్టి, వాటినిబట్టి మొత్తాన్ని తిరిగి ఊహించడమే అప్పటి దారి. ఆ ఫలితం ఇది: ఫ్లేవోన్ చట్రం, దాని మీద ఏడు హైడ్రాక్సిల్ సమూహాలు. మొత్తం 15 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, 9 ఆక్సిజన్లు.

పబ్‌కెమ్ గీత పలక తెరిచి ఆ చట్రం గీసి, 3, 5, 7, 8 స్థానాల్లోను, పక్క వలయంలో 3, 4, 5 స్థానాల్లోను హైడ్రాక్సిల్‌లు పెట్టండి. అచ్చంగా అదే అణువు కావాలని అడిగితే హైబిసెటిన్ వస్తుంది. పక్క వలయంలో 5వ స్థానపు హైడ్రాక్సిల్ తీసేయండి. పత్తి పువ్వుల్లో ఉండే గాసిపెటిన్ వస్తుంది, శేషాద్రి బృందం పనిచేసిన మరో పదార్థం. ఇప్పుడు 8వ స్థానంలోది కూడా తీసేయండి. ఉల్లిపాయ పొట్టులో ఉండే క్వెర్సెటిన్ తెర మీదికి వస్తుంది. మొదటి అణువులో 8వ స్థానంలోది ఒక్కటే తీసి ఉంటే మిరిసెటిన్ వచ్చేది. ఇలా ఒక్కొక్క సమూహాన్ని తీస్తూ, పెడుతూ మొక్కల రంగుల వంశవృక్షమంతా తిరిగి రావచ్చు. తరగతి గదిలో ఫ్లేవనాయిడ్లు చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

ఈ తిరుగుడులో ఇంకో విషయం కళ్లకు కడుతుంది. క్వెర్సెటిన్ పేజీ కిందికి లాగుతుంటే తరగదు. వేలాది పరీక్షలు, పత్రాలు, పేటెంట్లు, అమ్మకందారులు. హైబిసెటిన్ పేజీ పల్చగా ఉంటుంది. రెండు హైడ్రాక్సిల్‌ల తేడాకు ఇంత వ్యత్యాసం రసాయన శాస్త్రం వల్ల వచ్చింది కాదు. అందరూ క్వెర్సెటిన్‌నే పరీక్షించారు కాబట్టి దాని గురించే తెలుసు. డేటాబేస్‌లో సమాచారం లేకపోతే ఆ అణువుకు గుణం లేదని కాదు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం. పరిశోధనాంశం వెతుక్కునే విద్యార్థులు నిండుగా ఉన్న పేజీల కంటే ఇలాంటి పల్చటి పేజీల వైపు చూడాలని నా గట్టి నమ్మకం.

ఇక ఒక అణువుకు రెండు మూడు డేటాబేస్‌లు కలిపి చూడాల్సిన అవసరం ఎక్కడొస్తుందో చెప్పడానికి మన యల్లాప్రగడ సుబ్బారావుకు మించిన సాక్షి లేరు. భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు సారథిగా ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయించారు. దానికి ప్రత్యర్థులుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడే పుట్టాయి. పిల్లల్లో రక్త కేన్సర్‌కు అమినోప్టెరిన్ వాడిన సిడ్నీ ఫార్బర్ తన ఫలితాలను 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు.

పబ్‌కెమ్‌లో ఫోలిక్ యాసిడ్‌ను, మెథోట్రెక్సేట్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. కవల పిల్లల్లా ఉంటాయి. ఒక చోట ఆక్సిజన్ స్థానంలో అమైన్ సమూహం, ఇంకో చోట నైట్రోజన్ మీద అదనంగా ఒక మిథైల్. అంతే తేడా. ఇంత పోలిక ఉంది కాబట్టి రెండూ తాము అతుక్కునే ఎంజైమ్ గూటిలో ఒకే తీరుగా కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆ ఎంజైమ్ మీద మెథోట్రెక్సేట్ పట్టు ఎంత బలమైనదో అంకెల్లో కావాలంటే కెంబల్‌కు వెళ్లాలి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లోని యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ 2009 నుంచి నడుపుతున్న డేటాబేస్ అది. ఒక ప్రైవేటు కంపెనీ దగ్గరున్న సమాచారాన్ని వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బుతో ప్రజల సొత్తుగా మార్చారు. పరిశోధన పత్రాలను మనుషులు చదివి, ఏ సమ్మేళనం ఏ లక్ష్యం మీద ఎంత గాఢతలో పనిచేసిందో ఏరి పెడతారు. 20 లక్షలకు పైగా సమ్మేళనాలు, 2 కోట్ల మేర కొలతలు. మందుల పరిశోధన చేసేవాళ్లకు పబ్‌కెమ్ కంటే కెంబల్ నమ్మదగినది. దాని పరిధి చిన్నది, ఏరివేత మాత్రం గట్టిది.

అయినా కెంబల్ కూడా ఆ మందు గూటిలో ఎలా కూర్చుందో చూపదు. దానికి ప్రొటీన్ డేటా బ్యాంక్ కావాలి. 1971లో బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనశాలలో ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు 2 లక్షలు దాటిన భాండారం ఇది. అందులో 4డీఎఫ్ఆర్ అనే రికార్డు తెరిస్తే ఇ. కొలై బ్యాక్టీరియా ఎంజైమ్‌లో మెథోట్రెక్సేట్ కూర్చుని కనిపిస్తుంది. ఫోలేట్ పట్టుకున్న ఎంజైమ్ నిర్మాణంతో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మెథోట్రెక్సేట్ తన జంట వలయాన్ని ఫోలేట్‌కు పూర్తిగా తిరగేసి పెట్టుకుంది. కాగితం మీద కవలలు, గూటిలో ఎదురుబొదురు. బొమ్మల పోలిక చూసి ఎవరూ చెప్పలేని సంగతి ఇది. ఎక్స్‌రే కిరణాలతో స్ఫటికాన్ని కొలిచారు కాబట్టే తెలిసింది.

గీసిన అణువుకు, చూసిన అణువుకు తేడా అంటే ఇదే. చిన్న అణువుల విషయంలో చూసిన అణువులకు పెద్ద భాండారం కేంబ్రిడ్జ్ స్ట్రక్చరల్ డేటాబేస్. 1965లో ఓల్గా కెన్నార్డ్ దీన్ని మొదలుపెట్టారు. ఒక్కో స్ఫటిక నిర్మాణం విడిగా చెప్పేదాని కంటే అన్నిటినీ ఒక చోట చేరిస్తే బయటపడే జ్ఞానం ఎక్కువని జె.డి. బెర్నాల్, ఆమె నమ్మారు. 2019లో అది 10 లక్షల నిర్మాణాల మైలురాయి దాటింది. ఒక్కొక్క నిర్మాణాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దించుకోవచ్చు. మొత్తం మీద లోతుగా వెతకాలంటే మాత్రం లైసెన్సు కావాలి. ఈ అడ్డుగోడ నచ్చని స్ఫటిక శాస్త్రవేత్తలు కొందరు 2003లో క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్ పెట్టారు. లిథువేనియాలోని విల్నియస్ విశ్వవిద్యాలయం నుంచి నడుస్తోంది. 5 లక్షలకు పైగా నిర్మాణాలు, ఏ షరతూ లేకుండా మొత్తం దించుకోవచ్చు. ఖనిజాలు, బ్యాటరీ పదార్థాలు, సేంద్రియ అణువులు అన్నీ కలిసే ఉంటాయి. మన కాలేజీల్లో దీని పేరు విన్నవాళ్లు తక్కువ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాత్రం ఇదే అన్నిటికంటే అనువైనది.

బొమ్మను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. బోసుటినిబ్ అనేది ఒక రకం రక్త కేన్సర్‌కు ఫైజర్ తెచ్చిన మందు. ప్రయోగాల కోసం దాన్ని రసాయన కంపెనీల దగ్గర కొన్న పరిశోధకులు చాలామంది నిజానికి వేరే అణువుతో పనిచేశారని 2012లో బయటపడింది. ఫార్ములా అదే, బరువు అదే. ఒక వలయం మీద క్లోరిన్లు, మీథాక్సీ సమూహం ఉండాల్సిన స్థానాలు మారాయి, అంతే. బరువు తూచే యంత్రానికి రెండూ ఒకటే. స్టాన్‌ఫర్డ్‌లో స్ఫటిక నిర్మాణాలు పరిశీలిస్తున్న నికొలస్ లెవిన్సన్, స్టీవెన్ బాక్సర్ లెక్క కుదరకపోవడం గమనించి పట్టుకున్నారు. అప్పటికే ఆ తప్పు సరుకుతో ఎన్నో ప్రయోగాలు జరిగిపోయాయి.

రెండోది ఇంకా గట్టి పాఠం. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ ఉచితంగా పంచే సమ్మేళనాల సేకరణ నుంచి టీఐసీ10 అనే పదార్థం ఆశాజనకంగా కనిపించింది. దాని మీద పత్రం 2013లో వచ్చింది, పేటెంట్ కూడా పుట్టింది. సేకరణ జాబితాలో దాని నిర్మాణం మూడు వలయాలు ఒకే వరసలో ఉన్నట్టు గీసి ఉంది. స్క్రిప్స్ సంస్థలో కిమ్ జాండా బృందం ఆ బొమ్మ ప్రకారం అణువును తయారుచేసి చూస్తే పనిచేయలేదు. అసలు నమూనా తెప్పించుకుని స్ఫటికంగా మార్చి ఎక్స్‌రేతో చూస్తే మూడో వలయం వరసలో లేదు, మలుపు తిరిగి ఉంది. 2014లో ఈ సంగతి ప్రచురించారు. దాంతో ఏ నిర్మాణం మీద ఎవరి హక్కు అన్న వివాదం రేగింది. అణువు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. డోర్డావిప్రోన్ పేరుతో ఒక రకం మెదడు కణితికి 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందింది. ఎప్పుడో గీసిన బొమ్మను జాబితా యథాతథంగా మోసింది, దాన్ని చూసి పేటెంట్ రాశారు, అమ్మకందారులు ఆ బొమ్మే పెట్టుకున్నారు. పది చోట్ల ఒకే బొమ్మ కనిపిస్తే పది సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. పదీ ఒకదాన్ని చూసి ఒకటి దించుకున్నవి కావచ్చు.

కెమ్‌స్పైడర్ అనే ఉచిత డేటాబేస్ పుట్టినప్పుడే ఈ జబ్బును గుర్తించింది. 2007లో ఆంటొనీ విలియమ్స్, కొందరు మిత్రులు సొంత ఉత్సాహంతో మొదలుపెట్టారు. 2009లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ దాన్ని తీసుకుంది. వాడుకరులే తప్పులు గుర్తించి దిద్దే అవకాశం ఇవ్వడం దాని విశిష్టత. ఇలాంటి డేటాబేస్‌లలో దొర్లే నిర్మాణ దోషాల మీద 2011లో విలియమ్స్, షాన్ ఎకిన్స్ కలిసి గట్టి హెచ్చరిక రాశారు. అది వచ్చి చాలా ఏళ్లయినా కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు చదవాల్సిందే.

కొన్నిసార్లు తప్పు ఎవరిదీ కాదు, అణువు స్వభావమే అది. పసుపులోని కర్కుమిన్‌ను తీసుకోండి. అది రెండు రూపాల మధ్య ఊగుతుంది. రెండు కీటోన్లు ఉన్న రూపం ఒకటి, అందులో ఒకటి ఈనాల్‌గా మారిన రూపం ఇంకొకటి. స్ఫటికంలో, చాలా ద్రావణుల్లో ఉండేది ఈనాల్ రూపమే. పబ్‌కెమ్‌లో కర్కుమిన్ ప్రధాన పేజీలో కనిపించేది మాత్రం రెండు కీటోన్ల బొమ్మ. ఇంచీ కీ కూడా ఈ రెంటినీ వేర్వేరుగా లెక్కిస్తుంది. సమాచారం రెండు చోట్లకు చీలిపోతుంది. పైగా కర్కుమిన్ అనేక పరీక్షల్లో తప్పుడు సంకేతాలిచ్చే అణువని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష వివరించింది. పేజీ నిండా 'పనిచేసింది' అన్న ఫలితాలు చూసి పసుపు సర్వరోగ నివారిణి అనే వాళ్లు ఆ సమీక్ష చదవాలి.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా. వర్ణపటాలు కావాలంటే జపాన్ వారి ఎస్‌డీబీఎస్, అమెరికా ఎన్‌ఐఎస్‌టీ వెబ్‌బుక్ రెండూ పాతవి, నమ్మకమైనవి. ప్రయోగశాలలో తీసిన అసలు వర్ణపటంతో మీది పోల్చుకోవచ్చు. పేటెంట్లలోని నిర్మాణాలకు ష్యూర్‌కెంబల్ ఉంది, కానీ అక్కడ నిర్మాణాలను కంప్యూటరే ఏరుతుంది కాబట్టి చెత్త కూడా వస్తుంది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పుట్టిన డ్రగ్‌బ్యాంక్ మందుల వివరాలకు బాగుంటుంది, వ్యాపార అవసరానికి మాత్రం ఉచితం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి జింక్‌లో వందల కోట్ల అణువులున్నాయి, వాటిలో అత్యధిక భాగం ఇంకా ఎవరూ తయారుచేయనివి. అడిగితే తయారుచేసి ఇస్తామని కంపెనీలు చెప్పే అణువులవి. స్విట్జర్లాండ్ బెర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ లూయీ రేమాండ్ బృందం 17 భార పరమాణువుల (అంటే హైడ్రోజన్ కానివాటి) వరకు సాధ్యమయ్యే అణువులను లెక్కగట్టి 16,600 కోట్ల జాబితా ఇచ్చింది. అదంతా ఊహాలోకం. దాన్నీ కేంబ్రిడ్జ్ భాండారాన్నీ ఒకే వాక్యంలో 'డేటాబేస్' అని పిలుస్తున్నామంటేనే జాగ్రత్త ఎంత అవసరమో అర్థమవుతుంది.

'ఉచితం' అన్న మాటకూ అందరి దగ్గరా ఒకే అర్థం లేదు. చూడటం ఉచితం, దించుకోవడం కాదు అనేవి కొన్ని. దించుకో, వ్యాపారానికి వాడకు అనేవి కొన్ని. ఏమైనా చేసుకో అనేవి కొద్దే. హైదరాబాద్ ఫార్మా కంపెనీలో పనిచేసే కెమిస్టు ఈ తేడా చూసుకోకపోతే రేపు న్యాయవిభాగం నుంచి ఉత్తరం వస్తుంది.

పరిశోధకులకే కాదు, ఇవి ఊరివాళ్లకూ అవసరమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ పేజీ తెరిస్తే ఏముందో చూడండి. మరుగు స్థానం 145 డిగ్రీలు, నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత 31 డిగ్రీల చుట్టుపక్కల. ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, అంటే పైకి పోకుండా నేలను పట్టుకుని పాకుతుంది. వేడెక్కితే తనంతట తానే పాలిమర్‌గా మారుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది, అందుకే దాన్ని నిలవ చేసేటప్పుడు నిరోధకం కలపాలి. ఇవన్నీ ఆ రాత్రికి ముందే, ఎవరైనా చదువుకునేందుకు వీలుగా, ఉచితంగా ఉన్నాయి. అయితే అన్నీ ఇంగ్లిషులో. పరిశ్రమల పక్కన బతికే పంచాయతీల్లో, బడుల్లో, పక్క ఫ్యాక్టరీ ట్యాంకులో ఉన్న పదార్థం సీఏఎస్ నంబర్ గోడ మీద రాసి ఉండాలి. దాని భద్రతా వివరాలు తెలుగులో ఒక పేజీకి కుదించి పక్కనే అంటించి ఉండాలి. ఈ పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రసాయన శాస్త్రం చదివిన స్థానిక ఉపాధ్యాయులు పూనుకుంటే చాలు.

ఇక మనం ఇస్తున్నదెంత? చెన్నై గణిత శాస్త్ర సంస్థ వారి ఇంప్యాట్ ఈ విషయంలో ఆదర్శం. 2018లో మొదలై, రెండో రూపంలో 4,010 భారతీయ ఔషధ మొక్కలు, వాటిలోని 17,967 రసాయనాలు, నిర్మాణాలతో సహా ఉచితంగా అందిస్తోంది. నేలవేము అని వెతికేవాళ్లకు దాని శాస్త్రీయ నామం తెలిస్తే చాలు, లోపలి అణువులు వరసగా వస్తాయి. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంట్‌ను 1997లో సీఎస్ఐఆర్ రద్దు చేయించిన తర్వాత తయారైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మాత్రం ప్రధానంగా పేటెంట్ కార్యాలయాల కోసం నడుస్తోంది. దొంగతనం ఆపడానికి తాళం వేయడం అర్థమయ్యేదే. కానీ మన పిల్లలకు కూడా ఆ తాళం తీయకపోవడం నాకు సబబుగా తోచదు.

ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీలు వస్తున్నాయి. ఒక్కో సిద్ధాంత గ్రంథంలో కొత్త సమ్మేళనాలు పదుల్లో ఉంటాయి. వాటి ద్రవీభవన స్థానాలు, వర్ణపటాలు చివరి పేజీల్లో శ్రద్ధగా పెడతారు. ఆ గ్రంథాలు శోధగంగ అనే సిద్ధాంత గ్రంథాల భాండారంలో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. కానీ పీడీఎఫ్‌లోని బొమ్మ కంప్యూటర్‌కు బొమ్మే, అణువు కాదు. నిర్మాణం గీసి వెతికేవాడికి అవి దొరకవు. అయిదేళ్ల చెమట ఉన్నచోటే ఉండిపోతుంది. పబ్‌కెమ్ ఏ విశ్వవిద్యాలయం నుంచైనా రికార్డులు తీసుకుంటుంది, రుసుం లేదు. కావాల్సింది ప్రతి సమ్మేళనానికీ ఒక స్మైల్స్ వరుస, ఒక గుర్తింపు సంఖ్య, పంపినవారి వివరాలు. గీత పలక మీద బొమ్మ గీసినప్పుడే ఆ వరుస తయారై ఉంటుంది.

స్ఫటిక శాస్త్రవేత్తలు ఈ క్రమశిక్షణను ఎప్పుడో అలవరచుకున్నారు. నిర్మాణాన్ని భాండారానికి పంపి, నంబర్ తెచ్చుకోనిదే పత్రికలు వాళ్ల పత్రం అచ్చువేయవు. ప్రొటీన్ డేటా బ్యాంక్ పెరుగుదలకు ఆ నిబంధన పెద్ద కారణం. సేంద్రియ రసాయన శాస్త్రానికి అలాంటి నియమం మన విశ్వవిద్యాలయాలే పెట్టుకోవచ్చు. సిద్ధాంత గ్రంథం సమర్పించేటప్పుడు సమ్మేళనాల నిర్మాణాల ఫైలు, అసలు వర్ణపటాల ఫైళ్లు కూడా ఇవ్వాలని, అవి డేటాబేస్‌కు చేరినట్టు రుజువు చూపాలని ఒక్క తీర్మానం చేస్తే చాలు. రసాయన శాస్త్ర విభాగాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ తదుపరి సమావేశంలో పెట్టదగ్గ అంశం ఇది.